పావురం చెప్పిన రాగాలేనా?

పునీత గ్రెగొరీ పోపుగారి పాత బొమ్మల్లో ఆయన భుజం మీద ఓ పావురం కనిపిస్తుంది. అది పవిత్రాత్మ. కతోలిక దేవాలయాల్లో లాటిన్‌లో పాడే గ్రెగోరియన్ గానం రాగాలను అది చెవిలో చెబుతుంటే ఆయన పక్కనున్న లేఖకుడి చేత రాయిస్తుంటారు. కథ బాగుంది. కానీ ఆయన పోపుగా ఉన్నది 590 నుంచి 604 వరకు. ఐరోపా దేవాలయాల్లో పాటలకు స్వరచిహ్నాలు వేయడం మొదలైంది 9వ శతాబ్దంలో. ఆయన కాలంవారే అయిన స్పెయిన్‌లోని సెవిల్ మేత్రాణులు (బిషప్పు) పునీత ఇసిదోరు, రాగాన్ని రాయలేం, మనిషి గుర్తు పెట్టుకోకపోతే అది పోయినట్టే అన్నారు.

మనం గ్రెగోరియన్ గానం అంటున్నది 8వ శతాబ్దంలో ఫ్రాంకుల రాజ్యంలో, అంటే ఇప్పటి ఫ్రాన్స్, జర్మనీ ప్రాంతాల్లో, రూపుకట్టిందని ఎక్కువమంది చరిత్రకారుల మాట. 753 చలికాలంలో పోపు రెండో స్తెఫాను, ఫ్రాంకుల రాజు పెపిన్ సాయం కోరి ఆల్ప్స్ దాటి వెళ్లారు. అప్పటి నుంచి అక్కడ రోమ్ పద్ధతి గానం నేర్వడం ఊపందుకుంది. మెట్స్ పట్టణం అందుకు పేరు పొందింది. 789లో పెపిన్ కొడుకు షార్లమేన్ రాజు, గురువులంతా (ఫాదర్లు) అదే నేర్వాలని ఆజ్ఞ ఇచ్చాడు. పుస్తకం చూసి కాదు, చెవితో విని నేర్చుకున్నారు. నేర్చుకుంటూ తమ బాణీ కూడా కలిపేశారు. పేరు మాత్రం గ్రెగొరీగారికి దక్కింది!

అసలు పాడినవాళ్ల పేర్లు మనకు దొరకవు. నాకు ఈ గానంలో భక్తి కనిపించేది అక్కడే.

ఉత్సాహధ్వనితో పాడమనే 33వ కీర్తనకు వ్యాఖ్య రాస్తూ, గ్రెగొరీగారికి ముందుకాలపు మేత్రాణులు పునీత అగస్టీను కోతల్లో, ద్రాక్షతోటల్లో పనిచేసేవాళ్లను చూపించారు. మొదట మాటలతోనే పాడతారట. సంతోషం మాటల్లో పట్టనప్పుడు వాటిని వదిలేసి ఒట్టి గొంతెత్తుతారట. దేవుణ్ణి మాటల్లో చెప్పలేం, అలాగని ఊరుకోనూలేం. అప్పుడు ఇలాగే పాడాలన్నారు. బలిపూజలో (మాస్‌లో) సువార్తకు ముందు పాడే అల్లెలూయా వినండి. చివరి 'యా' దగ్గర మాట ఆగిపోతుంది, రాగం మాత్రం ఆలాపనలా ఎక్కుతూ దిగుతూ సాగుతుంది.

ఆ అగస్టీనుగారే తన ఆత్మకథలో, పాటలోని భావం కంటే పాడిన తీరే తన మనసును కదిలిస్తే అది పాపమేనని ఒప్పుకున్నారు. మైకు వాల్యూమ్ పెంచే ముందు మన గాయక బృందాలు ఆ పేజీ ఒకసారి చదివితే బాగుండు.

ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సు కాలం అంతా ఈ అల్లెలూయా పాడరు. పాస్కా జాగరణ రాత్రి, అంటే ఈస్టర్ ముందు రాత్రి, గురువు దాన్ని మూడుసార్లు, ప్రతిసారీ ఇంకాస్త పై శ్రుతిలో ఎత్తుకుంటారు. ప్రతిసారీ ప్రజలు అందుకుంటారు.