బురద చార

మన బళ్ళో డ్రాయింగు మాస్టారు కొలత లేని పటానికి మార్కులు వేసేవారు కాదు. గీత ఎంత అందంగా ఉన్నా సరే, పక్కన స్కేలు గీయకపోతే పుస్తకం వెనక్కి వచ్చేది. వరద ముంచిన వీధుల్లోకి సాయం బృందాలతో కెమెరా పట్టుకుని వెళ్ళే మనవాళ్ళకు మొదట గుర్తుండాల్సిన పాఠం అదే.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచింది. మునిగిన ఇళ్ళలో కింది అంతస్తుకు 25,000, పై అంతస్తులకు 10,000 రూపాయల సాయాన్ని ప్రభుత్వం ప్రకటించింది. ఇల్లు మునిగిందని, నీళ్ళు ఎంతెత్తున నిలిచాయో చెప్పే గట్టి ఆనవాలు గోడమీది బురద చార. నీళ్ళు తీయగానే ఫైరింజన్లతో ఇళ్ళు కడిగారు. కడిగితే చార పోయినట్టే. అందుకే మనుషుల కన్నా ముందు గోడను ఫొటో తీయాలి.

గోడమీద చారలు మూడు నాలుగు ఉంటాయి. నీళ్ళు ఆగి ఆగి తగ్గుతాయి, ఎక్కువసేపు నిలిచినచోట ముదురు చార పడుతుంది. చాలామంది దాన్నే కొలిచేస్తారు. అసలు మట్టం దానికి పైన, పలచగా ఉంటుంది. అలాగని తడి మరకను నమ్మకూడదు: ఇటుక చెమ్మను పీలుస్తుంది, మరక నీటిమట్టాన్ని దాటి పైకి ఎగబాకుతుంది. కిటికీ అద్దం, ఇనుప బీరువా చెమ్మ పీల్చవు. వాటిమీది చారతో సరిచూసుకోవాలి.

టేపును నేలనుంచి నిలువుగా, గోడకు అంటేలా పట్టి, లెన్సును చార ఎత్తుకు దించాలి. టేపు ఉబ్బి ఉండగా పైనుంచి తీస్తే అంకె తప్పు పడుతుంది. ఫ్లాషు వద్దు, తడిగోడ మెరిసి చార మాయమవుతుంది. టార్చిని గోడవారగా పక్కనుంచి వేస్తే బురద గరుకు తేలి కనిపిస్తుంది. ఇంటికి మూడు ఫొటోలు చాలు: డోరు నంబరు కనిపించేలా వీధినుంచి ఒకటి, టేపుతో చార, గది మూలనుంచి సామాను. ఈ వరుస తప్పితే సాయంత్రానికి ఏ గది ఏ ఇంటిదో తెలియదు.

ఏసీ కారు దిగగానే లెన్సుకు ఆవిరి పడుతుంది. సంచి మూత తీయకుండా అరగంట బయట ఉంచండి. బురద చిందితే గుడ్డతో రుద్దొద్దు, ఇసుక అద్దాన్ని గీస్తుంది. ముందు గాలి ఊదే బ్లోయరు, ఆ తర్వాతే గుడ్డ. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే తీసిన సమయం, చోటు రెండూ చెరిగిపోతాయి, డాక్యుమెంటుగా పంపాలి.

డాబాలమీద ఆధార్ కార్డులు, పాసుబుక్కులు ఆరేసి ఉంటాయి, ఆ నంబర్లు ఫ్రేములో పడకూడదు. అన్నం పొట్లం అందుకున్న మనిషిని ఆపి, బ్యానరు ముందు మళ్ళీ ఇప్పించి ఫొటో తీయడం మాత్రం మన బడివాళ్ళెవరూ చేయొద్దు.

ఇంటావిడ చీపురు పట్టుకుని ఎదురుచూస్తూ ఉంటుంది. రెండు నిమిషాల్లో ముగించి, "ఇక కడుక్కోండమ్మా" అని చెప్పి, ఆ మూడు ఫొటోలూ అక్కడే ఆమె ఫోనుకు పంపండి. నష్టం రాసుకోడానికి వచ్చినవాళ్ళకు చూపించాల్సింది ఆవిడే.