అనుకున్నావా, కొలిచావా?

మా సీనియర్ నిన్న సైట్‌లో అరవలేదు, కనీసం గొంతు కూడా పెంచలేదు. నా నోట్ చదివి "అనుకున్నావా, కొలిచావా?" అని మాత్రం అడిగారు. రాత్రి నిద్ర పడితే ఒట్టు.

జపాన్‌లో ఒక ప్రైమరీ స్కూల్ స్విమ్మింగ్ పూల్ అది. పొడవు 25 మీటర్లు, వెడల్పు 12, కట్టి యాభై ఏళ్లు దాటింది. నీటి మట్టం రోజుకో సెంటీమీటర్ తగ్గుతోందని స్కూలు వాళ్లంటే, ఎండలకు ఆవిరవుతోందని రాసేశాను. ఆ సెంటీమీటరే 3,000 లీటర్లని అప్పుడు తట్టలేదు. ఆయన ఒక ప్లాస్టిక్ బకెట్ తెప్పించి, పూల్ నీళ్లే నింపి, నీళ్లలో ఉన్న మెట్టు మీద పెట్టించి, బకెట్ లోపలా బయటా మట్టం దగ్గర టేపు అంటించమన్నారు. ఎండకైతే రెండూ ఒకేలా తగ్గాలి, బయట ఎక్కువ తగ్గితే ఎక్కడో కారుతున్నట్టు.

ఉక్రోషం ఎందుకంటే, కొలవడం మనకు తెలియదా? మా తాత బావిలో ఎన్ని మెట్లు తేలాయో చూసి మోటారు ఎంతసేపు ఆడుతుందో చెప్పేవాడు. ఆ బావిలోకే నడుముకు సొరకాయ బుర్ర కట్టి మమ్మల్ని తోసేశాడు, వారంలో ఈత వచ్చేసింది. ఇక్కడ బడికో పూల్ చూసి అందుకే నవ్వుకునేవాణ్ణి. 1955లో సెతో సముద్రంలో షియున్ మారు అనే ఓడ పొగమంచులో ఇంకో ఓడను గుద్దుకుని మునిగి 168 మంది పోయారట, ఎక్కువమంది టూర్‌కు బయల్దేరిన స్కూలు పిల్లలే. బడుల్లో పూల్స్ పెరగడానికి అదొక కారణమని తెలిశాక నవ్వు ఆగింది. మా పక్కూరి చెరువులో పోయిన పిల్లలు గుర్తొచ్చారు. తోసేస్తే ఈత వచ్చినవాళ్లమే కదా ఈ కబుర్లు చెప్పేది.

ఈ పూల్స్ ఇప్పుడు పాతబడ్డాయి. రిపేరు ఖర్చు భరించలేక మూసేసి, పిల్లల్ని బస్సులో ప్రైవేటు క్లబ్బులకు పంపుతున్న ఊళ్లున్నాయి. అలాంటప్పుడు నా నోట్‌లో ఒక్క లైను ఎంత పని చేస్తుందో మరి.

ఈరోజు పొద్దున చూస్తే బకెట్‌లో 4 మిల్లీమీటర్లు, పూల్‌లో 11. ఆయన తలూపి, పైపుల డ్రాయింగ్ తెరిచారు, అంతే. సాయంత్రం ఫోన్‌లో ఇదంతా చెబితే నాన్న "లోతెంత?" అన్నాడు. 1.2 మీటర్లన్నాను.

"గుండెలదాకా రాని నీళ్లకు ఇంత పంచాయితీనా!" అని అమ్మకు చెప్పి ఒకటే నవ్వు.