పడుకుంటే పెరిగిన నొప్పి

నాకు 23వ ఏట నడుం నొప్పి మొదలైంది. విజయనగరం నుంచి రాజాంలో ఉద్యోగానికి రోజూ బస్సులో వెళ్లివచ్చేవాణ్ని కాబట్టి, ఇంట్లోవాళ్లమందరం ఆ నేరాన్ని గతుకుల రోడ్డు మీదకే నెట్టాం. "కుర్రోడివి, నీకు నడుం నొప్పేటిరా?" అంటూ నాయనమ్మ ఆముదం వెచ్చచేసి రాసేది. మొదట చూసిన డాక్టరు ఎక్స్‌రే బాగానే ఉందని, మూడు వారాలు మంచం దిగవద్దన్నారు.

ఆ మూడు వారాలంత గడ్డుకాలం నేను మళ్లీ చూడలేదు. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు పిరుదుల లోపలి నుంచి పుట్టే నొప్పి, ఒకనాడు కుడివైపు, మరునాడు ఎడమవైపు, నన్ను నిద్రలేపేది. లేచాక గంటసేపు నడుము కర్రలా బిగుసుకుపోయి, ముఖం కడుక్కోవడానికి కూడా వంగలేకపోయేవాణ్ని. అటూ ఇటూ తిరిగితే సడలేది. అయినా విశ్రాంతి తీసుకోమన్నారు కదా అని మళ్లీ పడుకునేవాణ్ని. ఇది డాక్టరుతో చెప్పవలసిన సంగతని నాకు తోచలేదు, ఆయనా అడగలేదు.

రెండేళ్ల తర్వాత విశాఖపట్నంలో కలిసిన కీళ్లవాతం నిపుణురాలు, రిపోర్టులు తెరవకముందే "పడుకుంటే తగ్గుతుందా, నడిస్తే తగ్గుతుందా?" అని అడిగారు. ఆ ప్రశ్న ముందే ఎవరైనా అడిగి ఉంటే బాగుండేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. వెన్ను అడుగున త్రికాస్థి తుంటి ఎముకతో కలిసే కీళ్లలో వాపు ఉన్నట్టు ఎంఆర్‌ఐలో తేలింది. రక్తపరీక్షలో ఈ జబ్బుతో ముడిపడిన హెచ్‌ఎల్‌ఏ-బి27 అనే జన్యు గుర్తు కూడా కనిపించింది. అది ఉన్నవారిలో చాలామందికి ఈ జబ్బు రాదనీ, లక్షణాలతో కలిపి చూసినప్పుడే దానికి విలువనీ ఆమె ఓపికగా వివరించారు. జబ్బు పేరు యాంకైలోజింగ్ స్పాండిలైటిస్. శరీర రక్షణ వ్యవస్థే కీళ్లలో వాపు పుట్టించే ఈ జబ్బు ఎక్కువగా 40 ఏళ్లలోపే మొదలవుతుందనీ, తొలి ఏళ్లలో ఎక్స్‌రేకు చిక్కకపోవచ్చనీ, కొందరిలో కాలక్రమేణా వెన్నుపూసలు ఒకదానితో ఒకటి అతుక్కుపోతాయనీ అప్పుడే తెలిసింది.

అన్నం తిన్నాక నొప్పి, వాపు తగ్గించే నాప్రోక్సెన్ మాత్ర వేసుకోవడం, దాని వల్ల కిడ్నీలు దెబ్బతినకుండా పరీక్షలు చేయించుకోవడం సులువుగానే అలవాటయ్యాయి. వ్యాయామమే కష్టమైంది. బిగుసుకున్న నడుముతో పెద్దచెరువు గట్టుకు చేరే మొదటి పది నిమిషాలు ఇప్పటికీ భారంగానే గడుస్తాయి. ఇంటికొచ్చి మడమలు, తల గోడకు ఆనించి నిలబడతాను. పక్కటెముకలు బిగుసుకోకుండా ఛాతీ నిండా గాలి పీలుస్తాను. ఈ జబ్బులో కంటి లోపల కూడా వాపు రావచ్చు కాబట్టి, కన్ను ఎర్రబడి నొప్పిపెడితే ఆలస్యం చేయకుండా కంటి డాక్టరు దగ్గరకు వెళ్లమన్న మాట ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాను.

పోయిన సిరిమానోత్సవంలో, పైడితల్లి గుడికీ కోటకూ మధ్య పూజారి కూర్చున్న పొడవాటి సిరిమాను మూడుసార్లు తిరిగేదాకా నిలబడే ఉన్నాను. నాయనమ్మ తన మడతకుర్చీలోంచి లేవబోతూ "కాసేపు కూకోరా" అంది. "కూర్చుంటేనే బిగుస్తుంది నాయనమ్మా, నిలబడనీ" అన్నాను. మర్నాడు పొద్దున్న బిగువు అరగంటలో సడలింది.