పెట్టే దిక్కు

పెద్దత్త, అంటే మా ఈయన పెద్దమ్మ, వచ్చి వెళ్ళింది. పాత టపాలు చదివిన వాళ్ళకి ఈ ఒక్క వాక్యం చాలు. అయినా ఈ రాత్రి ఎక్కడో ఒకచోట కక్కకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు. ఈయన గురక మొదలైంది. ఏడాది కూడా నిండని మా పాప, మా బుడ్డిది, బోర్లా పడుకుని నిద్రపోతోంది. నేను మాత్రం వంటింట్లో నిలబడి ఫోన్‌లో టైపు చేస్తున్నా.

పొద్దున టిఫిన్ల వేళకే ఉదయగిరి బస్సు దిగింది. సంచి నిండా నిమ్మకాయలు, ఒక సీసా కొండతేనె, బుడ్డిదానికని చిన్న చెక్క చెంచా తెచ్చింది. చెంచా ఎంత బాగుందో చెప్పలేను. ఉదయగిరిలో చెక్కతో గరిటెలు, చెంచాలు చేస్తారు కదా, అక్కడిదే. ఎక్కడా గరుకు లేదు, అంచు గుచ్చుకోదు. బుడ్డిది తీసుకోగానే చిగుళ్ళ మధ్య పెట్టుకుని నమిలింది. ఇంతవరకూ బాగానే ఉంది.

అప్పటికి బుడ్డిది తన కుర్చీలో కూర్చుని సొంతంగా తింటోంది. ముందు పళ్ళెంలో నిలువుగా కోసిన ఇడ్లీ ముక్కలు, ఉడకబెట్టిన గెనుసుగడ్డ. కింద మరకలు పడకుండా పరిచిన పాత ఫ్లెక్సీ బ్యానరు. దాని మీద ఫోటోలో ఉన్న ఫ్లెక్సీ అన్న ఎప్పటిలాగే చేతులు జోడించి నవ్వుతున్నాడు, ఈసారి మీసం మీద గెనుసుగడ్డ పడింది. బుడ్డిది జుట్టుకి కొంత, చెవికి కొంత, నోట్లోకి కొంత. రోజూ ఇదే వరస.

పెద్దత్త గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏందిమ్మే ఇది! పెట్టే దిక్కులేని బిడ్డ మాదిరి దాని పాటికి అది తింటా ఉండాదే!"

అత్తమ్మ నవ్వి ఊరుకుంది. ఈయన బూట్లు వేసుకుంటూ "ఇప్పుడు ఇదే పద్ధతంట పెద్దమ్మా" అన్నాడు. తనకేమీ సంబంధం లేనట్టు! ఆ కుర్చీ కొన్నదెవరు? రాత్రుళ్ళు నా పక్కన కూర్చుని వీడియోలన్నీ చూసిందెవరు? బుడ్డిది మొదటిసారి సొంతంగా అరటిపండు కొరికినప్పుడు ఆఫీసు గ్రూపులో ఫోటో పెట్టిందెవరు? పెద్దమ్మ రాగానే అది నా పద్ధతి అయిపోయింది. బూట్ల లేసు కట్టుకుని చక్కా పోయాడు.

ఆ తర్వాత అసలు టెన్షన్. ఇడ్లీ ముక్క కొంచెం పెద్దది కొరికినట్టుంది, బుడ్డిది "ఓక్" మంది. మొహం ఎర్రబడింది, దగ్గింది. పెద్దత్త ఒక్క దూకున వచ్చి నోట్లో వేలు పెట్టబోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నా. గట్టిగానే పట్టుకున్నా. ఈలోగా బుడ్డిది ముక్కని తనే బయటికి ఉమ్మి, దాన్ని చూసి, మళ్ళీ తీసుకుని నోట్లో పెట్టుకుంది.

పెద్దత్తకి చెయ్యి నొప్పి కంటే అవమానం ఎక్కువైంది. నాకు అర్థమైంది. కానీ ఏం చెయ్యను? చిన్నపిల్లలకి ఆ ఓకరింపు పెద్దవాళ్ళలాగా గొంతు దగ్గర కాదు, నాలుక మీద బాగా ముందుకే ఉంటుంది. ముక్క కొంచెం లోపలికి పోగానే బయటికి నెట్టేస్తుంది. అది వాళ్ళకున్న కాపలా. చప్పుడు చేస్తూ, దగ్గుతూ, ఎర్రబడితే మనం చేతులు కట్టుకుని చూడాలి. చప్పుడు లేకుండా, ఊపిరి అందక, పెదాలు నీలంగా మారితే అది వేరే సంగతి. అప్పుడు ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేట్టు పట్టుకుని రెండు భుజాల మధ్య వీపు మీద ఐదు దెబ్బలు. అది పోకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యన ఐదు నొక్కులు. ఈయనా నేనూ ఇద్దరం నేర్చుకునే కుర్చీ ఎక్కించాం. కనపడని ముక్క కోసం వేలు పెట్టి కెలికితే అది ఇంకా లోపలికి పోతుంది. ఇదంతా ఆ రెండు క్షణాల్లో ఆమెకెట్లా చెప్పాలి? చెయ్యి పట్టుకున్నా, అంతే.

దానికి ప్రతీకారమో ఏమో, నేను పళ్ళెం కడిగి వచ్చేలోపు తేనె సీసా మూత తీసి వేలు ముంచింది. "ఒక్క చుక్క నాకిస్తే గొంతు నిమ్మళిస్తాది." మళ్ళీ నేనే వెళ్ళి బిడ్డని ఎత్తుకోవాల్సి వచ్చింది. ఏడాది నిండేదాకా తేనె వద్దత్తా అన్నా. ఎందుకని అడిగింది. చెప్పా. తేనెలో ఒక రకం సూక్ష్మక్రిమి విత్తులు ఉండొచ్చు, మన పేగుల్లో అవి ఏమీ చెయ్యలేవు, పసిబిడ్డ పేగుల్లో మొలకెత్తి విషం పుట్టిస్తాయి, బోట్యులిజం అంటారు, ఒళ్ళంతా సడలిపోతుంది అని. ఆమె అత్తమ్మ వైపు తిరిగి "నీ కొడుకు పుట్టిన రోజే నాకించినాం గదా మే, బాగానే ఉండాడు గదా" అంది. అత్తమ్మ ఆ నిమ్మకాయలు ఎన్ని పచ్చడికి, ఎన్ని పులిహోరకి అని లెక్కపెట్టడంలో మునిగిపోయింది. మా అత్తమ్మ అంత తెలివైన మనిషి ఈ కావలిలో ఇంకొకరు లేరు.

మధ్యాహ్నం దాకా నేను పెద్దత్తతో వాదిస్తూనే ఉన్నా, మనసులో. బట్టలు ఆరేస్తూ, పప్పు ఎనుపుతూ. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే, తర్వాత పాలు మానకుండా పక్కన తిండి, రెండేళ్ళ దాకా, ఆ పైన కూడా పాలివ్వొచ్చు అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్తా, నేను కాదు. నేనేమీ ఊరికే పళ్ళెం ముందు పడెయ్యలేదు. మెడ నిలబెట్టి కూర్చుంటోంది, పెట్టినదాన్ని నాలుకతో బయటికి తోసెయ్యడం మానింది, కనపడ్డదల్లా నోటికి తీసుకుపోతోంది, అవన్నీ చూసుకునే మొదలుపెట్టాం. ముక్క వేలంత పొడుగు ఎందుకంటే ఇప్పుడు దానికి గుప్పిట పట్టడమే వచ్చు. గుప్పిట్లోంచి బయటికి కనపడ్డంత వరకే తినగలదు. రెండు వేళ్ళతో గింజ ఏరుకోవడం తొమ్మిదో నెల అటూ ఇటూ వస్తుంది. మనం రెండు వేళ్ళ మధ్య నొక్కితే నలిగేదే ఇస్తాం. వేరుశెనగ పలుకులు, గుండ్రని ద్రాక్ష, పచ్చి క్యారెట్, పచ్చి ఆపిల్ దగ్గరికి రానివ్వం. ఉప్పు, చక్కెర లేదు. ఇనుము తక్కువ పడకుండా గుడ్డు, పప్పు ఉంటాయి. రాగి జావ మాత్రం నేనే చెంచాతో పట్టిస్తా, ఎందుకంటే జావని గుప్పిట పట్టడం దేవుడికీ రాదు.

న్యూజిలాండు దాకా కూడా వెళ్ళా. అక్కడ 206 కుటుంబాలని రెండు జట్లు చేసి చూశారు. ఒక జట్టులో, ఏవి గొంతుకి అడ్డంపడతాయో తల్లిదండ్రులకి ముందే నేర్పించి, పిల్లల్ని సొంతంగా తిననిచ్చారు. రెండో జట్టుది మామూలు పద్ధతే. గొంతుకి అడ్డంపడటం రెండు జట్లలోనూ ఒకేలా ఉందని 2016లో తేల్చారు. మరుసటి ఏడు బరువు సంగతీ చెప్పారు, అందులోనూ తేడా లేదు. ఇంత సరుకు దగ్గర పెట్టుకుని పైకి నేనన్నది "సరేలే అత్తా, అన్నం తిందాం రా."

ఇదంతా అయ్యాక కూడా ఒక్క మాట పోలేదు. పెట్టే దిక్కులేని బిడ్డ. పెద్దత్త ఇంతకంటే ఘోరమైనవి చాలా అనింది నన్ను. బుడ్డిది పుట్టిన మూడో రోజు "రంగు మీ వైపు పోయిందే" అనింది. అదే పట్టించుకోలేదు. ఇదెందుకు అంత గుచ్చుకుంది?

బిట్రగుంట గుర్తొచ్చింది. రైలు గేటు పక్కన మా ఇల్లు. మా తమ్ముడు అన్నం తినాలంటే రైలు రావాలి. నిజంగానే. అమ్మ వాడిని చంకనేసుకుని, స్టీలు గిన్నెలో పప్పన్నం నెయ్యి మెత్తగా పిసికి గేటు దగ్గర నిలబడేది. రైలు కనపడగానే వాడు నోరు తెరిచేవాడు. తెరిచినట్టు వాడికే తెలియదు. అమ్మ చెయ్యి లోపలికి పోయేది. పొద్దున మద్రాసు వైపు పోయే పినాకిని అంటే గబగబా కొన్ని ముద్దలు. గూడ్సు వస్తే అమ్మకి పండగ. పెట్టె మీద పెట్టె, అంత పొడుగు, గిన్నె సగం ఖాళీ. ఏ రైలు ఎప్పుడొస్తుందో స్టేషన్ మాస్టరు కంటే అమ్మకి బాగా తెలుసు. రైలు లేటైన రోజు అన్నమూ లేటే. ఒకసారి ఎండాకాలంలో ఏదో రైలు చాలాసేపు రాలేదు. అమ్మ అట్లాగే ఎండలో, చంక మార్చి చంక. వాడు మూతి బిగించుకుని. గేటు కీపరు తాత జాలిపడి పచ్చజెండా ఊపుతూ కూత వేసి చూపించాడు. వాడు నవ్వలేదు, నోరూ తెరవలేదు. దొంగ రైలుకి వాడెప్పుడూ లొంగలేదు. నా పని నీళ్ళ చెంబు పట్టుకోవడం. వాడికి పొలమారితే నీళ్ళివ్వాలి. వాడు బడికి పోయే వయసొచ్చాక కూడా ఇది నడిచింది. అమ్మ ఎప్పుడు తినేదో నేను చూళ్ళేదు. ఆ గిన్నెలో వాడు మిగిల్చింది గేటు దగ్గరే నోట్లో వేసుకునేది.

మరి నాకెవరు పెట్టారు?

సాయంత్రం ఫోన్ చేసి అమ్మనే అడిగా. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నీకెందుకే పెట్టేది, బంగారు తల్లివి. కింద పళ్ళెం పెడితే నీ పాటికి నువ్వు తినేసి చెయ్యి కడుక్కునేదానివి. నన్నెప్పుడైనా సతాయించావా?" గర్వంగా చెప్పింది. వాడు పుట్టేనాటికి నాకు ఏడాదిన్నర కూడా లేదు.

గిల్ రాప్లీ అని ఇంగ్లండులో ఒకామె ఈ సొంతంగా తినే పద్ధతికి పేరు తెచ్చింది. పల్లెపల్లెకీ తిరిగే మన నర్సమ్మల్లాగా ఇళ్ళకి వెళ్ళి బిడ్డల్ని చూసే ఉద్యోగం చేసేదట. ఆమె చెప్పకముందే బిట్రగుంటలో నా చేత చేయించేశారన్న మాట, మగబిడ్డ చంకలో ఉన్నాడు కాబట్టి. పెద్దత్త గుమ్మంలో నిలబడి చూసింది బుడ్డిదాన్నా, నన్నా?

ఇక్కడిదాకా రాసి నాకు ఏడుపొచ్చింది. ఇప్పుడు పైన చదువుకుంటే కొంచెం ఎక్కువ చేస్తున్నానేమో అనిపిస్తోంది. నిజానికి అప్పుడు నాకేం బాధ ఉండేది కాదు. నేను అరుగు మీద కూర్చుని, నాకు నచ్చినంత తిని, రైళ్ళూ చూసేదాన్ని. తమ్ముడేమో నోట్లో ఏముందో తెలియకుండా పెరిగాడు. ఇప్పటికీ బెండకాయకీ దొండకాయకీ తేడా చెప్పలేడు, వాడి పెళ్ళాం నెత్తి కొట్టుకుంటుంది. ఆ లెక్కన దిక్కు దొరికిందెవరికి? అయినా ఒక తేడా ఉంది. బుడ్డిది తినేటప్పుడు నేను ఎదురుగా కూర్చుని నా ఇడ్లీ నేను తింటా. వేడివేడిగా. కాన్పు అయ్యాక వేడిగా తిన్న మొదటి టిఫిను ఈ కుర్చీ వచ్చాకే. ఈ సంగతి పెద్దత్తకి చెప్తే ఇంకేమన్నా ఉందా!

అసలు చెప్పాల్సింది ఇంకా చెప్పలేదు. అమ్మ ఫోన్ పెట్టేశాక నాకేదో పంతం వచ్చింది. అన్నం మెత్తగా చేసి, పప్పు, నెయ్యి కలిపి, బుడ్డిదాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చిన్న ముద్ద నోటి దగ్గర పెట్టా. మూతి తిప్పేసింది. ఇంకోసారి పెట్టా. నా చెయ్యి పట్టుకుని తోసేసింది. సరే, ఇంత సొంత తెలివి నేర్పింది నేనే కదా అని సర్దుకున్నా.

పెద్దత్త అటుగా వచ్చి "ఇట్టా ఇయ్యి మే" అని బిడ్డనీ గిన్నెనీ తీసుకుంది. బస్సుకి ఇంకా టైముంది. ఆమె పెట్టింది. బుడ్డిది తినింది! నాకు తిప్పిన అదే మూతి, అదే పప్పన్నం. ఈ ద్రోహానికి నేనేం పేరు పెట్టను?

కోపంతోనే చూస్తూ కూర్చున్నా. పెద్దత్త ముద్ద నోట్లో దూర్చలేదు. పెదవి దగ్గర ఆపి ఊరుకుంది. బుడ్డిది వంగి తీసుకున్నాకే చెయ్యి వెనక్కి. నోరు ఖాళీ అయిందా లేదా అని చూసి ఇంకోటి. రైలు లేదు, ఫోన్ లేదు, బూచాడు లేడు. మధ్యలో బుడ్డిది గిన్నెలో చెయ్యి పెడితే పెట్టనిచ్చింది. కాసేపటికి మొహం తిప్పగానే "చాలంట" అని గిన్నె దించేసింది. ఇంకొక్క ముద్ద అనలేదు. బిడ్డ ఆకలినీ, చాలన్నదాన్నీ కనిపెట్టి పెట్టమని డాక్టర్లు చెప్పేది ఇదే కదా. చేతిలో పట్టుకుని తిన్నా, ఒకరు పెట్టినా. నేను న్యూజిలాండు దాకా పోయి తెచ్చిన సరుకులో సగం ఆమె దగ్గర ముందే ఉంది. మిగతా సగంలో తేనె ఉందనుకోండి, అది వేరే విషయం.

నాకు మెచ్చుకోవాలనిపించింది. నోటిదాకా వచ్చింది కూడా. అప్పుడే ఆమె ఫోన్ తీసి ఉదయగిరిలో కోడలికి, గట్టిగా, నేను వింటుండగా, "నేను పెడితే ఎట్ట తినిందనుకున్నావు! పాపం, ఆకలి మీదుండాది బిడ్డ" అని చెప్పడం మొదలుపెట్టింది. ఆకలా! అరగంట ముందే సగం అరటిపండు తినింది. మెచ్చుకోలు మింగేశా.

వెళ్తూ వెళ్తూ వచ్చే వారం కొరమీను తెస్తానంది, బిడ్డకి పులుసులో వెయ్యకుండా రెండు ముక్కలు విడిగా ఉడకబెట్టమంది. మంచిదే. పెట్టేది ఎవరైనా గానీ, ముళ్ళు ఏరే పని మాత్రం పెద్దత్తదేనని అత్తమ్మకి ఇప్పుడే చెప్పి వచ్చా. "నువ్వే చెప్పుకోమ్మా" అని అటు తిరిగి పడుకుంది.