రెండో ఆదివారం, ట్రస్టు పని

నెలలో రెండో ఆదివారం. పొద్దున తొమ్మిదింటికి కూర్చుంటే లేచేసరికి దీపాల వేళ దాటింది. చేసిన పని చెప్పుకుంటే చిన్నదే: ట్రస్టు దస్తావేజు ముసాయిదా పేరా పేరా చదివాం, కుటుంబాల రిజిస్టరుకు గళ్ళు గీశాం, నాలుగు ఫోన్లు చేశాం. మాజీ సైనికులు కలిసి, తమతో పాటు వెళ్ళి తిరిగిరాని వాళ్ళ ఇళ్ళ కోసం ఒక సంస్థ పెట్టుకుంటే అందులో ఇలాంటి రోజులే ఎక్కువ. సాయుధ దళాల పతాక దినం ఏడాదికి ఒక్కసారి, డిసెంబర్ 7న వస్తుంది. మిగతా రోజులన్నీ కాగితాలతోనే గడవాలి.

ముసాయిదాలో మొదటి తప్పు ఆశయాల పేరాలోనే దొరికింది. 'మా బ్యాచ్‌లో అమరులైన వారి కుటుంబాల సంక్షేమం' అని ఉంది. మనసుకు అది సరైన మాటే, చట్టానికి మాత్రం సరిపోదు. పేర్లు చెప్పి లెక్కపెట్టగలిగినంత మందికే మేలు చేసేదాన్ని ప్రజా ధార్మిక సంస్థగా చూడరు, సొంతవాళ్ళ పరస్పర సహాయంగా చూస్తారు. పన్ను మినహాయింపు దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. అందుకని 'విధి నిర్వహణలో ప్రాణాలు కోల్పోయిన, అంగవైకల్యం పొందిన సాయుధ దళాల సిబ్బంది కుటుంబాలు' అని మార్చాం. ముందు ఎవరి ఇంటికి వెళ్ళాలో ట్రస్టీలు తీర్మానంలో రాసుకోవచ్చు. దాన్ని దస్తావేజులో బిగించకూడదు.

ఇంకో చిక్కు ఉంది. వీర నారుల్లో, అంటే అమరుల భార్యల్లో, ఒకరు ట్రస్టీగా ఉండాలని అందరి కోరిక, అది న్యాయం కూడా. కానీ ట్రస్టీకో, ట్రస్టీ దగ్గరి బంధువుకో ట్రస్టు సొమ్ము వెళితే పన్ను మినహాయింపుకే ఎసరు వస్తుంది. కాబట్టి ఇక సాయం అవసరం లేని, పిల్లలు స్థిరపడిన ఆమెను ట్రస్టీగా అడగాలి. సాయం అందుకుంటున్న వాళ్ళను సలహా సంఘంలో కూర్చోబెట్టాలి. ఆ సంఘం మాటకు విలువ ఉండేలా, సాయం కోరే ప్రతి దరఖాస్తూ ముందు వాళ్ళ దగ్గరికే వెళ్ళాలని దస్తావేజులో ఒక వాక్యం చేర్చాం.

సొసైటీ పెడదామా అన్న చర్చ మళ్ళీ వచ్చింది. 2001 నాటి సొసైటీల చట్టం ప్రకారం కనీసం ఏడుగురు ఉంటే చాలు, ఖర్చూ తక్కువే. కానీ సర్వసభ్య సమావేశాలు, ఎన్నికలు తప్పవు. ఎన్నికలంటే ప్యానెళ్ళు, ప్యానెళ్ళంటే చీలికలు. ఏడుగురు ట్రస్టీలతో ట్రస్టే మేలని తేలింది. సమావేశం చెల్లాలంటే నలుగురు ఉండాలి. ఖాళీ ఏర్పడితే 90 రోజుల్లో నింపాలి. మూసేయాల్సి వస్తే ఆస్తి ఇలాంటి ఆశయమే ఉన్న మరో సంస్థకు వెళ్ళాలి, ట్రస్టీలకు పైసా రాకూడదు. ఈ చివరి వాక్యం మరిచిపోయి దస్తావేజు రిజిస్టరు చేయించుకున్నవాళ్ళు మళ్ళీ సబ్ రిజిస్ట్రారు దగ్గరికి సవరణ దస్తావేజుతో వెళ్ళాల్సి వస్తుంది.

డబ్బు విషయం మధ్యాహ్నం లోపే తేలింది. 20 కుటుంబాలు, ఇంటికి ఒక బిడ్డ చదువు, నెలకు 2,000 చొప్పున అనుకుంటే ఏడాదికి 4,80,000. ఇది వడ్డీగానే రావాలంటే ఏడు శాతం లెక్కన బ్యాంకులో దాదాపు 68 లక్షల 60 వేలు ఉండాలి. అంత పోగయ్యేదాకా ఆగితే ఇప్పుడు ఆరో తరగతి చదివే పిల్లకు పెళ్ళీడు వస్తుంది. అదే 60 మంది నెలకు 700 చొప్పున వేస్తే 5,04,000 అవుతుంది. మిగిలిన 24 వేలు ఆడిటుకీ, పోస్టుకీ, బస్సు టిక్కెట్లకీ సరిపోతాయి. పెన్షన్ పడిన మర్నాడే ఖాతా నుంచి దానంతట అదే వెళ్ళేలా బ్యాంకులో సూచన ఇస్తే అడగాల్సిన పని ఉండదు. ఇచ్చేవాళ్ళూ వయసు మీద పడినవాళ్ళే కాబట్టి 60 మంది కావాలంటే 65 మందిని చేర్చుకోవాలి.

చందాలు కోశాధికారి సొంత ఫోన్ నంబరుకు వేయించుకోవడం అన్ని చోట్లా జరిగే పొరపాటు. మొదట్లో సులువుగానే ఉంటుంది. ఏడాది తిరిగేసరికి ఆ సొమ్మంతా ఆయన ఆదాయంలా కనిపిస్తుంది, లెక్క చెప్పలేక మంచి మనిషి మాట పడాల్సి వస్తుంది. ట్రస్టు పేరిట పాన్ కార్డు, ట్రస్టు పేరిట ఖాతా, ముగ్గురిలో ఇద్దరి సంతకాలు. ఇవి కుదిరేదాకా ఒక్క రూపాయి తీసుకోకపోవడమే మంచిది. నగదుగా 2,000 దాటి ఇస్తే ఇచ్చినవాళ్ళకు పన్ను మినహాయింపు రాదు. వచ్చిన ఆదాయంలో 85 శాతం ఆశయాల మీదే ఖర్చు కావాలి. మూలధనానికి ఇచ్చే విరాళమైతే ఆ మాట దాత చేత రాయించుకుని వేరుగా ఉంచాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఇస్తామన్నారనే మాట వచ్చింది. ముందు అడగాల్సింది వాళ్ళ పాస్‌పోర్టు ఏ దేశానిదని. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సంపాదన నుంచి ఇస్తే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, భారత సంతతివాళ్ళకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. దానికి విదేశీ విరాళాల చట్టం, అంటే ఎఫ్‌సీఆర్ఏ కింద నమోదు కావాలి. ఆ నమోదుకు సంస్థ పెట్టి మూడేళ్ళు కావాలి, ఆ మూడేళ్ళలో ఆశయాల మీద కనీసం 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. కాబట్టి ఇప్పటికి కృతజ్ఞతలు చెప్పి, వద్దనడమే దారి.

మధ్యాహ్నం నుంచి రిజిస్టరు. రోజు మొత్తంలో విలువైన పని ఇదే. డబ్బు ఎవరైనా ఇవ్వగలరు. సైన్యం కాగితం చదవగలిగేది సైన్యంలో పనిచేసినవాడే. ఇంటింటా సైనికులున్న మిలిటరీ మాధవరం లాంటి ఊళ్ళో ఏ తలుపు తట్టినా పీపీఓ, అంటే పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు, చదివి చెప్పేవాళ్ళు ఒకరుంటారు. చాలా ఊళ్ళలో ఆ ఊరి నుంచి వెళ్ళిన సైనికుడు ఒక్కడే. అతను పోయాక పోస్టులో వచ్చిన ఇంగ్లిషు, హిందీ ఉత్తరాలను ఆ ఇంట్లో దేవుడి పటం వెనక దాచిపెడతారు. అందులో గడువున్న ఉత్తరం ఏదో వాళ్ళకు తెలియదు.

ఒక్కో కుటుంబానికి ఒక్కో పేజీ. సర్వీస్ నంబరు, ర్యాంకు, రికార్డుల్లో ఉన్న పేరు అక్షరం పొల్లుపోకుండా, యూనిట్, రికార్డ్ ఆఫీసు, పీపీఓ నంబరు, క్యాజువాల్టీ కేటగిరీ, బీమాకు రాసిన నామినీ, కుటుంబ వివరాలు నమోదయ్యే పార్ట్ టూ ఆర్డర్‌లో భార్య పేరు, పిల్లల పుట్టిన తేదీలు, పెన్షన్ తీసుకునేవాళ్ళు బతికే ఉన్నామని ఏటా ఇచ్చే జీవన ప్రమాణ పత్రం ఇవ్వాల్సిన నెల. ఈఎంఈ (యంత్రాల మరమ్మతు దళం), ఏఓసీ (ఆయుధ సామగ్రి సరఫరా దళం) వాళ్ళ రికార్డులు సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి కాబట్టి మనిషి వెళ్ళి అడగవచ్చు. ఆర్టిలరీ అయితే నాసిక్, మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్. అక్కడికి ఉత్తరమే దిక్కు, అందులో సర్వీస్ నంబరు తప్పు పడితే జవాబే రాదు.

గళ్ళన్నిటిలో బరువైనది కేటగిరీ గడి. పెన్షన్ లెక్కకు మరణాన్ని ఏ నుంచి ఈ దాకా అయిదు రకాలుగా విడదీస్తారు. తీవ్రవాదుల చేతుల్లో, శత్రువు కాల్పుల్లో, యుద్ధంలో పోతే డి, ఈ. అప్పుడు లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది, అంటే లెక్కలోకి తీసుకునే చివరి జీతం మొత్తం. డ్యూటీ మీద ప్రమాదంలోనో, సర్వీసు వల్ల వచ్చిన జబ్బుతోనో పోతే బి, సి. అప్పుడు స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్, జీతంలో 60 శాతం. సర్వీసుతో సంబంధం లేదని తేలితే మామూలు కుటుంబ పెన్షన్, 30 శాతం. సర్వీసులో ఉండగా పోయినవాళ్ళకు మొదటి పదేళ్ళు అది 50 శాతం ఉంటుంది. బ్యాటిల్ క్యాజువాల్టీగా నమోదైన ఇంటికే సైన్యం తన సంక్షేమ నిధి నుంచి ఇచ్చే మొత్తం కూడా అందుతుంది. 2 లక్షలున్న దాన్ని 8 లక్షలకు పెంచారు. కొండదారిలో బండి లోయలో పడి పోతే, ఆ ప్రయాణం ప్రభుత్వం ప్రకటించిన ఆపరేషన్‌లో భాగమా కాదా అన్నదాన్ని బట్టి గడిలో అక్షరం మారుతుంది. అందుకని కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ, అంటే సైన్యం జరిపే విచారణ, నివేదిక నకలు మొదటే అడిగి తెచ్చుకోవాలి. కేటగిరీ మీద అభ్యంతరముంటే అప్పీలు, ఆ తర్వాత ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్. అన్నిటికీ ఆధారం ఆ నివేదికే.

పేర్ల గొడవ మన తెలుగువాళ్ళకు మరీ ఎక్కువ. ఇంటిపేరు మనం ముందు రాస్తాం, సైన్యం రికార్డులో అది వెనక్కి పోతుంది, లేదా ఒక్క పొడి అక్షరంగా మిగులుతుంది. పెళ్ళినాటి పార్ట్ టూ ఆర్డర్‌లో 'లక్ష్మి', ఆధార్‌లో 'వెంకటలక్ష్మి', బ్యాంకులో పుట్టింటి పేరు. మనిషి ఒకరే అయినా రక్షణ శాఖ పెన్షన్లు చూసే స్పర్శ్ కంప్యూటరుకు ముగ్గురు. సర్వీసు రికార్డును ఆధారం చేసుకుని ఆధార్, పాన్, బ్యాంకు పేర్లు దానికి సరిపోయేలా మార్చుకోవడం తక్కువ పని. రికార్డునే మార్చాలంటే అఫిడవిట్లు, విచారణ, నెలల తరబడి ఎదురుచూపు. రెండో బిడ్డ పుట్టినప్పుడు ఆర్డర్ పడిందో లేదో తప్పకుండా చూడాలి. పడకపోతే రికార్డుల ప్రకారం ఆ బిడ్డ లేనట్టే. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, జనన ధ్రువీకరణ పత్రం జతచేసి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపాలి.

జీతం పడిన బ్యాంకును మరవకూడదు. రక్షణ సిబ్బంది జీతపు ఖాతాలకు చాలా బ్యాంకుల్లో ప్రమాద బీమా ఉంటుంది. దరఖాస్తుకు గడువు ఉంటుంది కాబట్టి మొదటి నెలలోనే అడగాలి. పెద్దకర్మ అయ్యేదాకా ఆ ఇంట్లో కాగితాల మాట ఎత్తలేం. పదిహేను రోజుల తర్వాత వెళ్ళినా సమయం మిగిలే ఉంటుంది. వెళ్ళేటప్పుడు ఇద్దరికి మించకూడదు, అందులో ఒక ఆడమనిషి ఉండాలి. కెమెరా వద్దు, శాలువా వద్దు. అసలు కాగితాలు చేతిలోకి తీసుకోకుండా అక్కడే ఫోనుతో నకళ్ళు తీసుకోవాలి. అత్తగారితోనూ కోడలితోనూ విడివిడిగా మాట్లాడాలి. పెన్షన్ ఎవరికి వస్తుంది, బీమా ఎవరి పేరిట ఉంది అన్న రెండు మాటలు మొదటిరోజే ఇద్దరికీ ఒకేలా చెబితే తర్వాత పంచాయితీలు తగ్గుతాయి. ఆ అమ్మాయి మళ్ళీ పెళ్ళి చేసుకుంటే పెన్షన్ పూర్తిగా పోతుందని ఊరు భయపెడుతుంది. కేటగిరీని బట్టి, పిల్లల పోషణను బట్టి నిబంధనలు వేరుగా ఉంటాయి, అన్ని సందర్భాల్లో ఆగిపోదు. ఈ ఒక్క మాట తెలియక జీవితాలు అక్కడే ఆగిపోవడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

చదువుల దగ్గర ట్రస్టు చేయగలిగింది డబ్బు కన్నా తేదీలు గుర్తుచేయడం. అమర సైనికుల పిల్లల ఫీజులు తిరిగి ఇచ్చే పథకాన్ని 1971 డిసెంబర్ 18న లోక్‌సభలో ప్రకటించారు, నెలకు 10,000 అన్న పరిమితిని 2018 మార్చిలో ఎత్తేశారు. అయితే ఫీజు ముందు మనం కట్టాలి, రశీదులు పెట్టాక తిరిగి వస్తుంది. జూన్‌లో కట్టడానికి చేతిలో డబ్బు లేనివాళ్ళకు ఆ పథకం కాగితం మీదే ఉంటుంది. అందుకే ట్రస్టు సొమ్ము జూన్‌లో నేరుగా బడికి వెళ్ళాలి. కోరుకొండ, కలికిరి సైనిక్ స్కూళ్ళలో ఆరో తరగతికి వయసు 10 నుంచి 12, మార్చి 31 నాటికి చూస్తారు. ఆ వయసు దాటితే మళ్ళీ తొమ్మిదో తరగతిలోనే అవకాశం. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో క్యాప్ కోటా, అంటే సైనికుల పిల్లల కోటా, 2 శాతం ఉంది, సర్టిఫికెట్ పరిశీలన రోజు వెళ్ళకపోతే సీటు పోతుంది. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ అమ్మాయిలకు నెలకు 3,000, అబ్బాయిలకు 2,500. ఇంటర్‌లో 60 శాతం రావాలి. ఈ తేదీలన్నీ ఒక అట్ట మీద రాసి గోడకు కొట్టాం.

చివరి ఫోను ఒక తల్లికి. కూలి పనితో వేళ్ళ గీతలు అరిగిపోయి బయోమెట్రిక్ పడక, జీవన ప్రమాణ పత్రం ఇవ్వాల్సిన నవంబరు వస్తుందంటే భయపడే తల్లులు చాలామంది. 'అమ్మా, వేలిముద్రతో పనిలేదు, ఫోనులో ముఖం చూపిస్తే చాలు, పిల్లాడిని పంపిస్తాం' అంటే అవతల కాసేపు మాట లేదు. ముఖం గుర్తుపట్టే పద్ధతి 2021 నవంబరు నుంచే ఉంది. స్పర్శ్ ఆఫీసు నుంచని చెప్పి ఎవరైనా ఓటీపీ అడిగితే ఇవ్వొద్దని కూడా చెప్పాం, రెండుసార్లు చెప్పించుకుని విన్నారు.

రిజిస్టరులో 20 పేజీలకు 13 నిండాయి. మిగతా ఏడింటిలో అయిదింటికి పీపీఓ నకలు రావాలి, రెండింటికి అసలు రికార్డ్ ఆఫీసు ఏదో తేలాలి. నాసిక్‌కు రాసిన ఉత్తరాలు మూడు కవర్లలో ఉన్నాయి. పొద్దున్నే స్పీడ్ పోస్టులో వేయాలి.