పాప కళ్ళ చెకప్ రోజు

శనివారం. రాత్రి పది దాటింది.

పొద్దున ఐదున్నరకే డాబా మీద నీళ్ళు పడుతున్న చప్పుడుకు మెలకువ వచ్చింది. ట్యాంకు నిండి పొర్లిపోతోంది. నిండగానే మోటరు దానంతట అదే ఆగిపోవాలని ట్యాంకులో బంతి పెట్టించాం. అదెక్కడో ఇరుక్కుపోయినట్టుంది. మా ఆయన లేచి నిచ్చెన వైపు నడవబోతే ఆపి, బాబును పైకి పంపించాను. ఆపరేషన్ అయి ఏడేళ్ళయినా ఆయన మసక వెలుతురులో ఇప్పటికీ కొంచెం కుడివైపుకు తూలతారు. చిన్న మెదడులో గడ్డ తీసిన చోటు అది.

ఈరోజు పాప కళ్ళ చెకప్. ఆరు నెలలకోసారి విజయవాడ వెళ్ళాలి. పాపకు తొమ్మిదేళ్ళు. వాళ్ళ నాన్న నుంచి వచ్చిన వీహెచ్‌ఎల్ అనే జబ్బు దానికీ ఉంది. పదమూడేళ్ళ మా బాబుకు లేదు. పూర్తి పేరు వాన్ హిప్పెల్–లిండౌ. మొదట్లో ఆ పేరు పలకడానికే నాకు నోరు తిరిగేది కాదు. హిప్పెల్ జర్మనీలో కళ్ళ డాక్టరు, 1904లో కంటి లోపలి రక్తనాళాల గడ్డల గురించి రాశారు. లిండౌ స్వీడన్ ఆయన. కంట్లో గడ్డలకూ మెదడులో గడ్డలకూ సంబంధం ఉందని 1926లో తేల్చారు. రెండూ ఒకే జబ్బని తెలియడానికి 22 ఏళ్ళు పట్టింది. మా ఇంట్లో అంతకంటే ఎక్కువే పట్టింది.

ఎనిమిది గంటల బస్సు ఎక్కాం. పాప కిటికీ పక్కన కూర్చుంది. మంగళగిరి దాటాక ఇడ్లీ పొట్లం విప్పి పెట్టాను. వారధి మీదికి రాగానే కృష్ణమ్మకు వెయ్యడానికి రూపాయి బిళ్ళ అడిగింది. ఇచ్చాను. విసరలేదు, గుప్పిట్లోనే పట్టుకుని, "అమ్మా, అన్నయ్యకెందుకు లేదు, నాకెందుకు ఉంది?" అంది.

ఈ ప్రశ్న ఏదో ఒక రోజు వస్తుందని తెలుసు. బస్సులో వస్తుందనుకోలేదు. "నువ్వు పుట్టకముందే, నాన్న దగ్గరున్న రెండు చీటీల్లో ఒకటి నీకొచ్చింది. ఏది వస్తుందో ఎవరి చేతుల్లోనూ లేదు. నువ్వేమీ తప్పు చెయ్యలేదు, నాన్నా చెయ్యలేదు" అన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే నాన్న దగ్గర మంచి చీటీ కూడా ఉందన్నమాట" అంది. ఉంది తల్లీ అన్నాను. వారధి దాటిపోయింది. బిళ్ళ దాని గుప్పిట్లోనే ఉండిపోయింది.

ఆసుపత్రిలో చుక్కలు వేసి ముప్పావుగంట కూర్చోబెట్టారు. కంటిపాప పెద్దదవుతుంది కదా, ఆ తర్వాత వెలుతురు చూడలేదు. అందుకే వాళ్ళ నాన్న టోపీ తెచ్చి పెట్టుకుంటుంది, చెవుల దాకా దిగిపోతుంది. ఈసారి డాక్టరుగారు కంటి ఫొటో నాకూ చూపించారు. నారింజ రంగు నేల మీద ఎర్రటి చుక్క, దానికి ఒకవైపు నుంచి వచ్చే నాళం, రెండోవైపు నుంచి వెళ్ళే నాళం, రెండూ ఉబ్బి వానపాముల్లా మెలికలు. అది నిరుటి ఫొటో. పక్కనే ఇవాళ్టిది. చుక్క ఉన్న చోట లేజర్ చేసిన తెల్లటి మచ్చ, నాళాలు సన్నబడి మామూలుగా ఉన్నాయి. కొత్త చుక్కలేమీ లేవు. నిరుడు ఆ చుక్క కనబడే రోజుకు పాపకు చూపులో ఏ తేడా లేదు. బోర్డు మీద అక్షరాలన్నీ చదివేసేది. చూపులో తేడా వచ్చేదాకా ఆగి ఉంటే చుక్క పెరిగి నీరు కారి, కంటి వెనక పొర లేచిపోయేది. చిన్నగా ఉన్నప్పుడు లేజర్‌తో పోయేది పెద్దదైతే అంత తేలిగ్గా పోదు.

బయటికి వచ్చేసరికి నా కోసం ఒక కుటుంబం ఎదురుచూస్తోంది. కొత్తగా ఈ జబ్బు తేలినవాళ్ళెవరైనా ఒప్పుకుంటే నా నంబరు ఇమ్మని రెండేళ్ళ కిందటే డాక్టరుగారికి చెప్పి ఉంచాను. దివిసీమ వైపు వాళ్ళు. ఆ అబ్బాయికి 28 ఏళ్ళట, ఎడమ కన్ను ఇప్పటికే పోయింది. మెదడు స్కానింగ్‌లో చిన్న గడ్డ కనబడిందట. భార్య చంకలో ఏడాది పిల్లాడు. వెంట వాళ్ళ అత్తగారు.

కూర్చోగానే ఆ పెద్దావిడ మొదలుపెట్టింది. "మేనరికం వద్దురా అన్నాను, విన్నారు కాదు." ఆ పిల్ల తల వంచుకుంది. కళ్ళనీళ్ళు పిల్లాడి నెత్తి మీద పడుతున్నాయి.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది, కానీ ఆవిడ మీద కాదు. ఈ మాట ఏడేళ్ళ కిందట నా చెవిన పడినప్పుడు సరిదిద్దేవాళ్ళు నాకెవరూ లేరు. అందుకే ముందు అదే చెప్పాను. "అమ్మా, ఇది మేనరికం వల్ల వచ్చేది కాదు. కొన్ని జబ్బులు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా వస్తేనే వస్తాయి, వాటికి మేనరికం కారణం కావచ్చు. ఇది అలాంటిది కాదు. ఒక్కరి నుంచి వస్తే చాలు. నాదీ మా ఆయనదీ మేనరికం కాదు, అసలు దూరపు చుట్టరికం కూడా లేదు. అయినా మా పాపకు వచ్చింది. ఐదుగురిలో ఒకరికైతే తల్లిదండ్రులిద్దరికీ లేకుండానే కొత్తగా మొదలవుతుంది." ఆవిడ ఏమీ అనలేదు. కాసేపటికి మనవణ్ణి కోడలి చేతుల్లోంచి తన ఒళ్ళోకి తీసుకుంది.

"ఇంతకీ ఇదేం జబ్బక్కా, క్యాన్సరా?" అని ఆ అమ్మాయి అడిగింది. నాకు పొద్దుటి ట్యాంకు గుర్తొచ్చింది. మన ఒంట్లో ప్రతి కణానికీ ఆక్సిజన్ కావాలి. తక్కువైతే కొత్త రక్తనాళాలు వెయ్యమని కణం కబురు పంపుతుంది. చాలినంత ఉన్నప్పుడు ఆ కబురును ఆపే పని వీహెచ్‌ఎల్ అనే ప్రోటీన్‌ది, ట్యాంకులో బంతి లాగ. ఆ బంతి పాడైన కణం ఆక్సిజన్ నిండా ఉన్నా లేదనుకుని, నాళాలు కావాలని అడుగుతూనే ఉంటుంది. గడ్డలు అలా పుడతాయి. ఆ ప్రోటీన్ తయారుచేసే జన్యువు ప్రతివాళ్ళకూ రెండు ప్రతులుంటాయి. మనవాళ్ళకు పుట్టుకతోనే ఒకటి పాడై ఉంటుంది. ఏదైనా ఒక కణంలో రెండోది కూడా పాడైతే అక్కడ గడ్డ మొదలవుతుంది. కంట్లో, మెదడులో, వెన్నులో వచ్చేవి క్యాన్సర్ కావు, కానీ ఉన్న చోటును బట్టి ప్రమాదం. కిడ్నీలో వచ్చేది మాత్రం క్యాన్సర్ కావచ్చు. జన్యువును 1993లో కనిపెట్టారు. కణం ఆక్సిజన్‌ను ఎలా పసిగడుతుందో తేల్చినందుకు 2019లో ముగ్గురికి నోబెల్ ఇచ్చారు. వాళ్ళలో కేలిన్ అనే ఆయన ఈ జబ్బు మీద పనిచేస్తూనే అక్కడికి చేరారు. ఆ సంగతి విన్నాక ఇప్పటిదాకా మాట్లాడని ఆ అబ్బాయి మొదటిసారి తలెత్తి, "మన జబ్బు మీద నోబెల్ వచ్చిందా?" అన్నాడు. మన జబ్బు అన్నాడు. ఆ మాట అనడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

నీలం ఫైలు తీసి చూపించాను. మొదటి కాగితం మీద ఆయనకు ఏ భాగానికి ఏ పరీక్ష, ఎప్పుడు, ఎంత సైజు, మళ్ళీ ఎప్పుడు అని గళ్ళు గీసి ఉంటుంది. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ముందు ఆ కాగితమే పెడతాను. కళ్ళ డాక్టరుకు కన్నే, కిడ్నీ డాక్టరుకు కిడ్నీయే కనబడుతుంది. మనిషి మొత్తం కనబడేది ఆ కాగితంలోనే. కుడి కిడ్నీ వరసలో 14, 16, 18 అని మిల్లీమీటర్లు చూసి ఆ అమ్మాయి బిత్తరపోయింది. "గడ్డ పెరుగుతోందని తెలిసీ తీయించకుండా కూర్చున్నారా అక్కా?"

ఈ మాటే మా చుట్టాలందరూ అంటారు. ఈ జబ్బులో గడ్డలు ఒకటితో ఆగవు. కనబడినప్పుడల్లా కోస్తూ పోతే చివరికి కిడ్నీయే మిగలదు. మూడు సెంటీమీటర్ల లోపు ఉన్నవి వేరే చోటికి పాకడం చాలా అరుదు. అందుకే ఆ గీత దాకా కొలుస్తూ ఉంటారు, దగ్గరికొస్తే గడ్డ మటుకే తీస్తారు. వదిలేయడం కాదు, కాపలా కాయడం. మందు గురించి కూడా అడిగింది. బెల్జుటిఫాన్ అని ఒకటి వచ్చింది, 2021లో అమెరికాలో అనుమతి ఇచ్చారు. ఎవరికి, ఎప్పుడు అన్నది డాక్టరు తేల్చాలి. రక్తం తగ్గిపోతుంది, కడుపుతో ఉన్నవాళ్ళు వేసుకోకూడదు. అంతవరకే నేను చెప్పగలిగింది.

ఒక్క సంగతి మాత్రం రెండుసార్లు చెప్పి, ఆ అమ్మాయి చేత తిరిగి చెప్పించుకున్నాను. కిడ్నీ మీద ఉండే అడ్రినల్ గ్రంథిలో కూడా గడ్డ రావచ్చు. అది ఉంటే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది, గుండె దడ, చెమటలు, తలనొప్పి. కొందరికి ఏ లక్షణమూ ఉండదు. అది ఉందని తెలియకుండా ఆపరేషన్‌కు మత్తు ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. కాన్పులో కూడా అంతే. ఆ అబ్బాయికి మెదడు ఆపరేషన్ అంటున్నారు కాబట్టి, ఆ గడ్డ ఉందో లేదో తేల్చే రక్త పరీక్ష అయ్యాకే థియేటర్‌లోకి పంపమని చెప్పాను.

పిల్లాడి సంగతి చివరికి అడిగింది, గొంతు తగ్గించి. వచ్చే అవకాశం సగం, బొమ్మా బొరుసూ అన్నట్టు. ముందు నాన్నకు జన్యు పరీక్ష చేసి, జన్యువులో తేడా ఎక్కడ ఉందో పట్టుకుంటే పిల్లాడికి ఆ ఒక్కటే చూస్తారు. లేదని తేలితే వాడికి ఏ స్కానింగులూ అక్కర్లేదు. మా బాబుకు అలా తేలిన రోజు మేం ముగ్గురం ఏడ్చాం, పాప మాత్రం ఎందుకో తెలియక నవ్వింది. ఉందని తేలితే ఏడాది నిండకముందే కళ్ళు మొదలుపెట్టాలి, తర్వాత బీపీ, పదకొండేళ్ళ నుంచి మెదడు, వెన్ను స్కానింగులు, పదిహేను నుంచి పొట్ట. వీడికి ఏడాది నిండింది కాబట్టి ఈ నెలలోనే కళ్ళు చూపించమన్నాను. "చూపిస్తాం" అన్నది అత్తగారు.

ఇంటికొచ్చేసరికి నాలుగు. పాప చీకటి గదిలో పడుకుంది. అత్తయ్యగారికి టీ ఇచ్చి, పాత కాలెండర్ కాగితం బల్ల మీద పరిచాను. దాని వెనక మా వంశం గీసి పెట్టుకున్నాను. మగవాళ్ళకు నలుపలకల గడి, ఆడవాళ్ళకు సున్నా, జబ్బున్నవాళ్ళకు లోపల పెన్సిలుతో నలుపు. మామయ్యగారి గడి నల్లగా ఉంటుంది. 46 ఏళ్ళకు కిడ్నీలో గడ్డతో పోయారు. ఆయన చెల్లెలికి పెళ్ళికి ముందే ఒక కన్ను కనబడేది కాదు. చిన్నప్పుడు అమ్మవారు పోసిందని చెప్పి పెళ్ళి చేశారు. మా వదిన సున్నా మాత్రం ఖాళీ, పక్కన ప్రశ్న గుర్తు. నరసరావుపేటలో ఉంటుంది. రెండేళ్ళ కిందట పరీక్ష చేయించుకోమంటే, "కూతురికి సంబంధాలు చూస్తున్నాం, ఈ మాట బయటికొస్తే దాని బతుకేం కావాలి" అని ఫోన్ పెట్టేసింది. అప్పటి నుంచి మాటల్లేవు. ఆవిడ భయం నాకు అర్థం కాకపోలేదు. కానీ ఆ మేనకోడలు రేపు కాన్పుకు వెళ్తుంది కదా అన్నదే నన్ను నిద్రపోనివ్వదు.

36 వేల మందిలో ఒకరికి ఉంటుందంటారు. ఆ లెక్కన ఆరేడు లక్షల మంది ఉన్న మా గుంటూరులోనే పదిహేను ఇరవై మంది ఉండాలి. నాకు తెలిసిన ఇళ్ళు మాతో కలిపి రెండే. మిగతావాళ్ళు ఏ పేరుతో బతుకుతున్నారో. మెడనొప్పి అనో, గ్యాస్ అనో, మా ఆయన లాగ.

దివిసీమ వాళ్ళ గురించి చెబుతుంటే అత్తయ్యగారు టీ గ్లాసు పక్కన పెట్టి, మామయ్యగారి గడి పక్కన వేలు పెట్టారు. "ఇక్కడ ఇంకొకడున్నాడమ్మా. మీ మామయ్యకు తమ్ముడు."

ఇన్నేళ్ళలో ఆ మాటే వినలేదు నేను.

"కాలవలో పడి పోయాడు. పాతికేళ్ళుంటాయేమో. అంతకు ముందు ఆరు నెలల నుంచీ తూలుతూ నడిచేవాడు, అన్నం ముద్ద నోటికి తిన్నగా పోయేది కాదు. తాగుతున్నాడని మా మావగారు చెట్టుకు కట్టేసి కొట్టారు. వాడు చుక్క ముట్టలేదమ్మా. నాకు తెలుసు, అన్నం పెట్టినదాన్ని." ఆవిడ చెంగుతో కళ్ళు తుడుచుకోలేదు, వేలు అక్కడే ఉంచారు. "మొన్న వీడు నడుస్తుంటే వెనక నుంచి చూశాను. అచ్చం వాడే."

గడి గీశాను. లోపల నలుపు పూయడానికి కాసేపు చెయ్యి ఆడలేదు.

"ఆయనకు పిల్లలున్నారా అత్తయ్యా?"

"ఒక ఆడపిల్ల, పొత్తిళ్ళలో ఉంది అప్పటికి. వాళ్ళమ్మ పుట్టింటికి తీసుకుపోయింది. సత్తెనపల్లిలో ఇచ్చారని విన్నా. మీ వదిన ఆ పిల్ల పెళ్ళికి వెళ్ళొచ్చింది."

కింద సున్నా గీసి ప్రశ్న గుర్తు పెట్టాను. ఆమెకు ఇప్పుడు నలభై దాటి ఉంటాయి. పిల్లలూ ఉండి ఉంటారు.

రాత్రి ఎనిమిదికి వదినకు మెసేజ్ పెట్టాను. పరీక్షల ఊసెత్తలేదు. చిన్న మామయ్యగారి కూతురు నంబరు కావాలి, ఆయన తాగి పోలేదు వదినా, ఆ అమ్మాయికి ఆ మాట చెప్పాలి, అని రాశాను. చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి. గంటన్నర దాకా ఏమీ రాలేదు. తర్వాత నంబరు ఒక్కటే వచ్చింది.

ఆ సున్నా పక్కన పెన్సిలుతో రాసుకున్నాను. ఇప్పుడు పొద్దుపోయింది. రేపు పదింటికి, వాళ్ళ వంటపని అయ్యాక చేస్తాను.