నేల కింద పదకొండు నిమిషాలు

యుద్ధం మీద నేను తీసిన వీడియోను పాత బాంబు షెల్టర్‌లో ప్రదర్శిద్దామా అని నిర్వాహకురాలు అడగగానే ఒప్పుకున్నాను. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, ఆ వీధిలో ఉన్నవాళ్ల కోసం కట్టిన షెల్టర్ అది. మెట్లు దిగితే ఇనుప తలుపు, అది దాటితే ఒక మలుపు, ఆ తర్వాత ఇంకో ఇనుప తలుపు. పేలుడు ధాటి నేరుగా లోపలికి దూసుకు రాకుండా దారిని అలా వంచి కట్టారు. వీడియో చేతిలో ఉంది, గోడలు ఎదురుగా ఉన్నాయి, ప్రొజెక్టర్ పెడితే చాలనుకున్నాను. ఐదు నెలలు పట్టింది. చివరికి అక్కడ ఆడింది నేను మొదట తీసుకెళ్లిన వీడియో కాదు.

అనుమతుల సంగతి రెండు మాటల్లో చెప్తాను. చారిత్రక కట్టడం కాబట్టి గోడకు ఒక్క మేకు కూడా కొట్టకూడదు. ప్రమాదం వస్తే బయటపడే రెండో దారి ఇరుకైన నిచ్చెన కాబట్టి ఒక విడతకు పదిహేను మందికి మించి దింపకూడదని అగ్నిమాపక అధికారి రాసిచ్చారు. కింద ఫోన్ సిగ్నల్ ఉండదు. అందుకని పైకీ కిందకీ తీగ లాగి ఒక టెలిఫోను పెట్టాం.

అసలు కష్టం తేమతో వచ్చింది. ఎండాకాలం కదా, గాలి ఆడితే లోపల ఆరుతుందని రెండు తలుపులూ పగలంతా తీసి ఉంచాం. మర్నాడు వెళ్లి చూస్తే గోడలు చెమట పట్టినట్టు తడిసి ఉన్నాయి. ప్రొజెక్టర్ కటకం మీద పొగమంచులాంటి పొర. కింద గోడలు పదమూడు డిగ్రీల దగ్గర ఉంటే, బయటి గాలి ముప్పై డిగ్రీల వేడితో, బోలెడు తేమతో లోపలికి వస్తోంది. చల్లటి గోడ తగలగానే ఆ తేమంతా నీరైపోతోంది. మేలు చేస్తున్నామనుకుంటూ నీళ్లు మేమే మోసుకొచ్చి పోశామన్నమాట. ఆ తర్వాత పగలు తలుపులు మూసి, తేమను పీల్చే యంత్రాలు రెండు పెట్టి, వాటి తొట్లను పొద్దునా సాయంత్రం పారబోసేవాళ్లం. పాత కట్టడంలో పని చేయబోయేవాళ్లకు నేను మొదట చెప్పే మాట ఇదే: ఎండాకాలంలో తలుపులు తెరవకండి.

తర్వాత శబ్దం. నా మొదటి వీడియో ఇరవై ఎనిమిది నిమిషాలు. విమానాలు, సైరన్లు, కూలుతున్న ఇళ్లు, వాటి నడుమ మనుషుల మాటలు. నగ్నమైన కాంక్రీటు గదిలో ప్రతి శబ్దమూ నాలుగు సెకన్ల పాటు దొర్లుతూనే ఉంది. ఒక మాట ముగిసేలోగా రెండోది దాని మీద పడుతోంది. ఆ పరీక్షకు, చిన్నప్పుడు అదే షెల్టర్‌లో రాత్రులు గడిపిన ఒక పెద్దావిడను పిలిచాం. సైరన్ మొదలుకాగానే ఆవిడ లేచి నిలబడింది. ఒక చేయి గోడకు ఆనించి తలుపు వైపు తిరిగింది. వెంటనే ఆపేశాను. అప్పటికే ఆలస్యమైపోయింది. ఎవరి కథ చెప్పాలనుకున్నానో వాళ్లనే భయపెట్టాను. ముందు అడగకుండా సైరన్ వినిపించడం నా తప్పు.

పైకి తీసుకొచ్చి కూర్చోబెట్టాక ఆవిడ చెప్పింది. "మేము బాంబులు చూడలేదు బాబూ. కొవ్వొత్తులు చూసేవాళ్లం." నేల మీద ఒకటి, బల్ల మీద ఒకటి పెట్టేవారట. నేల మీది దీపం ఆరిపోతే కింద గాలి చెడిందని గుర్తు, పిల్లల్ని భుజాలకెత్తుకునేవారు. బల్ల మీదిదీ రెపరెపలాడితే పైన ఏమవుతున్నా బయటికి పోవాల్సిందే. బెర్లిన్ షెల్టర్లలోనూ ఇదే పద్ధతి ఉండేదని తర్వాత తెలిసింది.

ఇలాంటి చోట్ల ఇతరులు కళను ఎలా పెట్టారో అప్పుడు వెతికాను. బోస్నియాలో కోన్యిత్స్ దగ్గర కొండ లోపల 1953 నుంచి 1979 దాకా కట్టిన బంకర్ ఉంది. 2011 నుంచి అక్కడ సమకాలీన కళా ప్రదర్శనలు జరుగుతున్నాయి. దక్షిణ కొరియా రాజధాని సోల్‌లో, యొయిదో అనే ప్రాంతంలో బస్సుల కూడలి కడుతుండగా 2005లో బయటపడిన బంకర్‌ను 2017లో ప్రదర్శనశాలగా తెరిచారు. కోన్యిత్స్ బంకర్ అణుయుద్ధం వస్తే అప్పటి యుగోస్లావియా అధినేత టిటోనూ మరో 350 మందినీ కాపాడటానికి కట్టింది. ఆ యుద్ధం రాలేదు. రాని యుద్ధాన్ని అక్కడ ఊహించి చూపించవచ్చు. మా షెల్టర్‌కు మాత్రం యుద్ధం నిజంగానే వచ్చింది. అక్కడ పేలుళ్లు చూపించడం అంటే ఆ గోడలకు తెలిసినదాన్ని వాటికే అరిచి చెప్పడం.

వీడియోను మొదటి నుంచి కూర్చాను. పేలుళ్లు, విమానాలు, సైరన్లు అన్నీ తీసేశాను. 2022లో కీవ్ మెట్రో స్టేషన్లలో తలదాచుకున్న కొందరు ఫోన్లలో తీసుకున్న దృశ్యాలను ఒక్కొక్కరినీ అడిగి తీసుకున్నాను. ఇద్దరు కుదరదన్నారు, వాళ్లవి వదిలేశాను. ముఖం కనిపించకూడదన్నవాళ్లవి చేతులు మాత్రం ఉంచాను. దువ్వెనతో పాప జడ విప్పుతున్న చేయి, పిల్లి బుట్ట మూత పట్టుకున్న చేయి. మొత్తం పదకొండు నిమిషాలు. పెద్ద స్పీకర్లు తీసేసి, బెంచీల వెనక చెవి దగ్గరగా చిన్నవి పెట్టి శబ్దం తగ్గించాం. మాటలు స్పష్టంగా వినబడ్డాయి.

ముగింపు దానంతటదే దొరికింది. కరెంటు పోయినా దారి కనబడాలని అప్పట్లో ఆ గోడలకు చీకట్లో మెరిసే రంగు వేశారు. ఒక రాత్రి ప్రొజెక్టర్ ఆపి వెనక్కి తిరిగితే గోడ ఇంకా పచ్చగా వెలుగుతోంది. అందులో నా నీడ అలాగే నిలిచి ఉంది. కాసేపటికి మెల్లగా కలిసిపోయింది. చివరి దృశ్యం తర్వాత తెల్లటి వెలుగు, ఆపైన ఒక నిమిషం చీకటి ఉంచాను.

ప్రారంభం రోజు పెద్దావిడకు ఏ నిమిషంలో ఏముంటుందో ముందే చెప్పాను. మనవరాలి చేయి పట్టుకుని దిగి, గోడ దగ్గరి బెంచీ మీద కూర్చుంది. వెలుగు ఆరిపోయాక గోడ మీద పదిహేను తలలు నిలిచాయి. "మేము దీంతోనే ఆడుకునేవాళ్లం," అంటూ ఆవిడ లేచి తన నీడ పక్కన అరచేయి ఆనించింది.